చెట్టు టారంటులాకు ఏ పెట్టె మంచిది? గాజు, అక్రిలిక్, బిస్కెట్ జార్, జాలి పెట్టె: వరంగల్ ఎండలకూ వానలకూ పోలిక

హన్మకొండలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు పోయిన వారం ఫోన్ చేశాడు. "అన్నా, పింక్‌టో పిల్ల ఒకటి తీసుకుంటున్న. గాజు పెట్టె కొనాల్నా, అక్రిలిక్‌ది చేయించాల్నా? మా దోస్తేమో బిస్కెట్ డబ్బా చాలంటున్నడు" అని. పింక్‌టో అంటే గులాబీ పాదాలుండే చెట్టు టారంటులా, నూగుతో ఉండే పెద్ద సాలీడు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. ఫోన్లో పది నిమిషాలు చెప్తే సగమే ఎక్కుతుంది, మిగతా సగం సాలీడు ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

నా మొదటి పింక్‌టో సంగతితో మొదలుపెడతాను. ఎనిమిదేళ్ల కింద తెచ్చుకున్నాను. ఇది వానలు పడే అడవి జీవి, తేమ బాగా ఉండాలి అని ఎక్కడో చదివి, పొడవాటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూతకు నాలుగు చిన్న చిల్లులు చేసి, పొద్దున సాయంత్రం నీళ్లు చల్లేవాణ్ణి. అప్పుడు జులై. మన దగ్గర ముసురు పట్టి వారం రోజులు బట్టలే ఆరవు, ఇక మూత పెట్టిన డబ్బాలో తడి ఎక్కడికి పోతుంది? ఒక పొద్దున చూస్తే గోడలనిండా నీటి బొట్లు. సాలీడు అడుగున కాళ్లు లోపలికి ముడుచుకుని ఉంది. మూత తీస్తే నానిన గోనెసంచి వాసన వచ్చింది. తిండి లోటు లేదు, నీళ్ల లోటు లేదు. లేనిది గాలి.

పింక్‌టోలను తడి డబ్బాల్లో పెట్టి ఇలా పోగొట్టుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. దీని సొంత ఊరు దక్షిణ అమెరికా ఉత్తర భాగం: గయానా, సురినామ్, బ్రెజిల్, పక్కనే ట్రినిడాడ్ దీవి. అక్కడ వాన ఎక్కువే. కానీ అది ఉండేది చెట్టు మీద, ఆకుల మధ్య, ఇళ్ల చూరు కింద. వాన పడుతుంది, వెంటనే గాలి వచ్చి ఆరబెడుతుంది. దాని పొట్ట కింద రెండు జతల ఊపిరి సంచులు ఉంటాయి. పుస్తకంలో కాగితాల్లా పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి మధ్యకు సన్నటి చీలికల గుండా గాలి చేరుతుంది. మనలాగా రొమ్ము ఎగరేసి గాలి పీల్చుకునే ఏర్పాటు దానికి లేదు. చుట్టూ ఉన్న గాలి ఎంత తాజాగా ఉంటే అంతే దాని అదృష్టం. నిలవ తడిలో బూజు పట్టి, సన్న పురుగులు చేరితే తప్పించుకునే దారి కూడా ఉండదు.

కాబట్టి పెట్టె ఎంచుకునేటప్పుడు నా మొదటి ప్రశ్న అందం గురించి కాదు, ధర గురించి కాదు.

## ముందు ఏం చూడాలి

గాలి ఎటు నుంచి ఎటు. చిల్లులు ఎన్ని ఉన్నాయని కాకుండా ఎక్కడ ఉన్నాయని చూడండి. ఒక పక్క అడుగుకు దగ్గరగా, దానికి ఎదురు పక్క పైభాగంలో ఉండాలి. వెచ్చని గాలి పైనుంచి పోతుంది, దాని వెనకే కింది నుంచి కొత్త గాలి వస్తుంది. మూతకు మాత్రమే చిల్లులుంటే పైనున్న గాలే మారుతుంది, అడుగున తడి అట్లాగే కూర్చుంటుంది. పాత పెంకుటిళ్లలో కింద గవాక్షి, పైన పెంకుల సందు ఎందుకు ఉండేవో ఆలోచిస్తే ఇదీ అదే లెక్క.

మే నెల. మన దగ్గర 43, 44 డిగ్రీలు కొత్త కాదు. పింక్‌టోకు 24 నుంచి 28 హాయి. 32 వరకు పెద్దగా ఇబ్బంది పడదు. 35 దాటితే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఎండాకాలంలో పెట్టె త్వరగా ఎండిపోకూడదు, వానాకాలంలో తడి నిలవకూడదు. ఈ రెండూ ఒకే పెట్టెలో కుదరడమే అసలు చిక్కు.

తలుపు ఎక్కడ. చెట్టు టారంటులా పైమూలలో పట్టు గొట్టం అల్లుకుంటుంది. పైనుంచి తెరిచే మూత అయితే ఆ గూడు మూతకే అంటుకుంటుంది. తిండి వేయడానికి తెరిచిన ప్రతిసారీ ఇంటి కప్పు లేపినట్టే. భయపడి బయటికి దూకే అవకాశం కూడా అప్పుడే ఎక్కువ. ముందు తలుపు ఉంటే ఈ బాధ ఉండదు.

సందులు. సాలీడు తల భాగం గట్టిది, పొట్ట మెత్తది. తల భాగం పట్టినంత సందు ఉంటే పొట్టను నొక్కుకుని మొత్తం బయటికి వచ్చేస్తుంది. కాబట్టి చిల్లు తల భాగం వెడల్పు కన్నా చిన్నదిగా ఉండాలి.

కొలత విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. పెరిగిన సాలీడుకు 20 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 30 ఎత్తు చాలు. ఇంకా ఎత్తు పెంచితే గొప్ప అనుకోవద్దు. పడితే దెబ్బ తగిలేంత ఎత్తూ, అడుగున రాళ్లూ రెండూ కలిస్తే పొట్ట పగులుతుంది. అడుగున నాలుగైదు సెంటీమీటర్ల మందాన ఎరువు కలపని కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వేయండి. వేలి గోరంత పిల్లను మాత్రం పెద్ద పెట్టెలో వేయకండి. అది తిండి వెతుక్కోలేదు, మనం దాన్ని వెతుక్కోలేం.

## గాజు పెట్టె

ముందు తలుపు ఉండి, తలుపు కింద సన్నటి గాలి పట్టీ, పైన జాలి ఉండే రెడీమేడ్ గాజు పెట్టెలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గాలి ఆడే తీరు వీటిలో బాగుంటుంది. లేదంటే అక్వేరియంలు తయారుచేసే దుకాణంలో చిన్న ట్యాంకు చేయించి, దాన్ని నిలువుగా నిలబెట్టి, తెరిచి ఉన్న పక్కకు చిల్లులు చేసిన అక్రిలిక్ తలుపు పెట్టించుకోవచ్చు. నాది అట్లాంటిదే. ఎదురు గోడ గాజే కాబట్టి దానికి చిల్లులు రావు. అందుకని పైన పెట్టే గాజు పలకను వెనక వైపు మూడు సెంటీమీటర్లు తగ్గించి, ఆ ఖాళీలో చిల్లుల పట్టీ అతికించమన్నాను. దుకాణం ఆయనకు మొదట అర్థం కాలేదు. "నీళ్లు ఎట్ల ఆగుతయి?" అన్నాడు. చేపలకు కాదని చెప్పాక శ్రద్ధగా చేసిచ్చాడు.

గాజు గీతలు పడదు. తుడిస్తే కొత్తదానిలా ఉంటుంది. ఏళ్ల తరబడి వంగదు. తేమను ఒక మోస్తరుగా పట్టి ఉంచుతుంది, అది మే నెలలో మేలు. ఇబ్బందులు చూస్తే, 4 మిల్లీమీటర్ల గాజుతో పైన చెప్పిన కొలతలో చేస్తే ఖాళీ పెట్టే 3 కిలోలు దాటుతుంది. ఇల్లు మారే వాళ్లకు ఇది భారం. ఒకసారి చేయించాక ఇంకో చిల్లు కావాలంటే కుదరదు. అతికించే సిలికాన్ బూజు రాకుండా మందు కలిపినది కాకుండా, అక్వేరియంలకు వాడేదే అయ్యుండాలి. పులుపు వాసన పూర్తిగా పోయేదాకా సాలీడును లోపల పెట్టొద్దు.

రెడీమేడ్ పెట్టెల పైనున్న ఇనుప జాలి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చెట్టు టారంటులా తలకిందులుగా పైకప్పు మీద నడుస్తుంది. పాదాల చివర ఉండే కొక్కేల్లాంటి గోళ్లు సన్న జాలిలో ఇరుక్కుంటాయి. లాక్కుంటూ కాలు తెంచుకున్న సాలీళ్లున్నాయి. ఆ జాలి తీసేసి, చిల్లులు చేసిన అక్రిలిక్ షీటు అదే కొలతకు కోయించి పెట్టండి.

## అక్రిలిక్ పెట్టె

నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే. కారణం మన ఊళ్లో సైన్‌బోర్డులు చేసే షాపులు. అక్కడ లేజర్ మెషిన్ ఉంటుంది. కాగితం మీద కొలతలు గీసి, చిల్లులు ఎక్కడెక్కడ కావాలో చుక్కలు పెట్టి ఇస్తే సరిగ్గా అట్లాగే కోసిస్తారు. ఎడమ గోడ కింద రెండు వరసలు, కుడి గోడ పైన మూడు వరసలు, ఒక్కో చిల్లు 2 మిల్లీమీటర్లు. గాలి విషయంలో మన ఇష్టం ఇంతగా చెల్లే పెట్టె ఇంకొకటి లేదు. 3 మిల్లీమీటర్ల షీటుతో అదే కొలత పెట్టె కిలోకు కాస్త ఎక్కువ తూగుతుంది, గాజుతో చూస్తే మూడోవంతు.

షాపులో అతికించే ద్రవం ఘాటుగా ఉంటుంది. ఇంటికి తెచ్చాక తలుపు తెరిచి గాలిలో వారం ఉంచండి. ముక్కు దగ్గర పెట్టి చూసి, వాసన అసలు లేదు అనుకున్నాకే వాడండి. ఈ వారం ఆగలేక సాలీడును పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

అక్రిలిక్ వంగుతుంది. లోపల తడి, బయట మే నెల పొడి, పైగా గదిలో ఏసీ ఉంటే తలుపు షీటు విల్లులా వంగి పై మూల సందు ఇస్తుంది. తలుపుకు 5 మిల్లీమీటర్ల షీటు వాడితే ఇది చాలావరకు తగ్గుతుంది. పిల్ల సాలీడుకు అక్రిలిక్ పెట్టె వాడుతున్నవాళ్లు నెలకోసారి తలుపు నాలుగు మూలలూ వేలితో నొక్కి చూడండి. ఇంకో జాగ్రత్త: శానిటైజర్, స్పిరిట్‌తో తుడిస్తే అక్రిలిక్ సన్నగా చిట్లుతుంది. మెత్తటి తడి బట్ట చాలు. గీతలు మాత్రం ఎట్లాగూ పడతాయి, రెండేళ్లకు ఫొటోలు మసకగా వస్తాయి.

## బిస్కెట్ జార్

బేకరీల్లో, కిరాణా కొట్లలో బిస్కెట్లు, చాక్లెట్లు పెట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ జార్. దీన్ని చులకనగా చూడకండి. నా దగ్గర పిల్లలన్నీ దీంట్లోనే పెరిగాయి.

రహస్యం ఏమిటంటే జార్‌ను బోర్లించాలి. మూత అడుగవుతుంది, జార్ అడుగు పైకప్పవుతుంది. మూతలో కోకోపీట్ వేసి, వెదురు ముక్క నిలబెట్టి, పైనుంచి జార్ బిగించండి. సాలీడు పైన గూడు అల్లుకుంటుంది. తెరిచేటప్పుడు మీరు కింది నుంచి తిప్పి తీస్తారు, గూడు కదలదు. తిండికి, నీళ్లకు పక్క గోడకు చిన్న కిటికీలా కోసి, దానికి మూత అమర్చుకుంటే తిప్పే పని కూడా తప్పుతుంది.

చిల్లులు కాల్చిన సూదితోనో, సాల్డరింగ్ ఐరన్‌తోనో చేయాలి. పొగ మంచిది కాదు, డాబా మీద చేయండి. లోపలి నుంచి బయటికి పొడిస్తే గరుకు అంచు బయట వైపు మిగులుతుంది, సాలీడు కాళ్లకు తగలదు. గాలి లెక్క ఇక్కడా అంతే: ఒక పక్క కింద, ఎదురు పక్క పైన. ప్లాస్టిక్ కాబట్టి సరిపోలేదనిపిస్తే ఇంకో పది చిల్లులు రెండు నిమిషాల పని. జులైలో గోడకు నీటి బొట్లు కనిపించిన రోజే నేను చిల్లులు పెంచుతాను, మే వచ్చాక వాటిలో సగానికి బయటి నుంచి టేపు వేస్తాను. గాజుతో ఈ పని చేయగలమా?

లోపం లేకపోలేదు. గుండ్రటి గోడలో సాలీడు వంకరగా కనిపిస్తుంది. పూర్తిగా పెరిగాక ఇరుకవుతుంది. తేలిక కాబట్టి పిల్లి తోసినా, మోచెయ్యి తగిలినా దొర్లుతుంది. నేను ఒక బరువైన ఇత్తడి పళ్లెంలో పెట్టి ఉంచుతాను.

## చెక్క, జాలి పెట్టె

కోడిపిల్లల పెట్టె తీరులో చెక్క చట్రానికి జాలి కొట్టి చేసేది. గాలి బ్రహ్మాండంగా ఆడుతుంది కదా అని కొందరు అడుగుతారు. నా సలహా వద్దనే. ఇనుప జాలి అయితే గోళ్లు ఇరుక్కుంటాయని పైన చెప్పాను. నైలాన్ జాలి అయితే కోరలతో కొరికి బయటికి వస్తుంది. మే నెలలో ఎండగాలి తగిలిందంటే వెంటనే ఎండుతుంది. చెక్కకు వేసిన వార్నిష్ వాసన నెలలు పోదు, వానాకాలం చెద పడుతుంది. ఇంతకన్నా దీని గురించి చెప్పడానికి లేదు.

## ఒక చూపులో

| చూడాల్సింది | గాజు | అక్రిలిక్ | బిస్కెట్ జార్ | చెక్క, జాలి |
|---|---|---|---|---|
| గాలి | ముందే సరిగ్గా చేయిస్తే బాగుంటుంది | కోరినట్టు చేయించుకోవచ్చు | ఎప్పుడైనా పెంచొచ్చు, తగ్గించొచ్చు | అవసరానికి మించి |
| మే నెల | తేమ నిలుస్తుంది | పర్వాలేదు, తలుపు వంగొచ్చు | టేపుతో సరిచేసుకోవచ్చు | వెంటనే ఎండుతుంది |
| ముసురు రోజులు | పైన గాలి దారి లేకపోతే ప్రమాదం | బాగుంటుంది | చిల్లులు పెంచితే బాగుంటుంది | బాగుంటుంది |
| తప్పించుకోవడం | కష్టం | తలుపు మూలలు చూస్తుండాలి | బిగిస్తే కష్టం | తేలిక |
| బరువు (20×20×30 కొలతకు) | 3 కిలోల పైన | కిలో పైన | చాలా తేలిక | మధ్యస్థం |
| చూడటానికి | అన్నిటికన్నా మేలు | కొత్తలో బాగుంటుంది | వంకరగా కనిపిస్తుంది | సరిగ్గా కనిపించదు |
| ఖర్చు | ఎక్కువ | మధ్యస్థం | అతి తక్కువ | తక్కువ |

## ఎవరికి ఏది

హాస్టల్‌లోనో, అద్దె గదిలోనో ఉండే విద్యార్థికి బిస్కెట్ జారే. సెలవులకు ఊరికి పోయేటప్పుడు సంచిలో పెట్టుకోవచ్చు. గది మారినా ఇబ్బంది లేదు. ఇంటి ఓనర్‌కు ముందే చెప్పి ఉంచండి. దాచిపెట్టి, ఒకరోజు ఆయన కంట పడితే గది ఖాళీ చేయాల్సి వచ్చేది మీరే, ఆ హడావిడిలో నలిగేది సాలీడే.

చిన్న పిల్లలున్న ఇంట్లో గాజు మేలు, తలుపుకు చిన్న తాళం ఉన్నది. పిల్లలు జార్‌ను ఎత్తి ఊపుతారు, తప్పు వాళ్లది కాదు. పింక్‌టో పొట్ట మీద దురద పుట్టించే నూగు ఉంటుంది, తాకితే అంటుకుంటుంది. కంట్లో పడితే బాధ ఎక్కువ. అసలు చేతిలోకి తీసుకోవద్దనే అందరికీ చెప్తాను. అది దూకుతుంది, మన చేతి ఎత్తు నుంచి గచ్చు మీద పడితే బతకడం కష్టం.

పై అంతస్తులో, స్లాబు కింద గది ఉన్నవాళ్లు పెట్టె కన్నా ముందు థర్మామీటర్ కొనండి. ఏప్రిల్ చివర సాయంత్రం నాలుగింటికి మీరు పెట్టదలచిన చోట ఎంత ఉందో వారం రోజులు రాసి పెట్టుకోండి. రోజూ 36 దాటుతుంటే, దానికి వేరే ఏర్పాటు లేకుంటే, ఏ పెట్టె కొన్నా ప్రయోజనం లేదు. సాలీడును తెచ్చుకోవడం వాయిదా వేయండి. ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ మూడేళ్ల సాలీడు ఒక మధ్యాహ్నంలో పోవడం చూశాక చెప్పకుండా ఉండలేను.

పరకాల, నర్సంపేట దిక్కు పత్తి చేను, మిర్చి తోట పక్కనే ఇల్లున్నవాళ్లకు ఇంకో సంగతి. మందు కొట్టే రోజుల్లో చేను వైపు కిటికీ మూసి, పెట్టెను లోపలి గదికి మార్చండి. ఆ చేతులతో, ఆ బట్టలతో పెట్టె ముట్టుకోవద్దు. చేలో పట్టిన మిడతలు, కీచురాళ్లు తిండిగా వేయొద్దు. ఇంట్లో తిరిగే బొద్దింకలు కూడా వద్దు, ఎక్కడ ఏ మందు తిని వచ్చాయో తెలియదు. పెంచి అమ్మే కీచురాళ్లో, బొద్దింకలో తీసుకోండి.

అందంగా హాల్లో పెట్టుకుని చూసుకోవాలనుకుంటే, సాలీడు పెరిగిపోయి ఉంటే, గాజు. మిగతా అందరికీ, చేయించుకునే ఓపిక ఉంటే, అక్రిలిక్.

## సాలీడు మారితే పెట్టె మారుతుందా?

కొంత మారుతుంది. పింక్‌టో నిదానమైనదే. దాని చుట్టం లాంటి యాంటిలీస్ పింక్‌టో, మార్టినిక్ దీవిది, పిల్లగా ఉన్నప్పుడు నిండు నీలం రంగులో ఉంటుంది. నిలవ తడిని పింక్‌టో కన్నా తక్కువగా తట్టుకుంటుంది. దానికి గాలి మరింత చూసుకోండి.

వెనిజులా సన్‌టైగర్, ట్రినిడాడ్ షెవ్రన్ లాంటివి చూపు తిప్పుకునేలోపు చేతి మీదికి వచ్చేంత వేగం. వాటికి దురద నూగు ఉండదు, అందుకే కాటుకు త్వరగా దిగుతాయి. మొదటి సాలీడుగా అవి వద్దు. తెచ్చుకున్నా పైనుంచి తెరిచే పెట్టె అస్సలు వద్దు.

ఇక మన దేశపు చెట్టు టారంటులాలు. వీటి గురించి చెప్పేటప్పుడు నాకు గర్వమూ బాధా రెండూ ఉంటాయి. ప్రపంచమంతా మోజు పడే నీలి టారంటులా మన తెలుగు నేలది. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దాన్ని గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన సాలీడును బట్టి లోకానికి చెప్పాడు. కలపతో పాటు వచ్చి ఉంటుందని ఇప్పటివాళ్ల అభిప్రాయం. దాని అసలు నివాసం నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. దానికి ఉన్న అడవి చాలా కొద్ది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో పెట్టింది. ఇది చేరిన ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) మొత్తాన్ని 2019లో సైటీస్ ఒప్పందం, అంటే అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, రెండో అనుబంధంలో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటీస్ జాబితాలోని జీవులు మన చట్టం కిందికీ వచ్చాయి. అట్లాంటి ప్రాణి మీ దగ్గర ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి.

పాకాల, ఏటూరునాగారం అడవుల్లో చెట్టు తొర్రలో పెద్ద సాలీడు కనిపిస్తే ఫొటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. అభయారణ్యం నుంచి ఏ ప్రాణినీ తేవడం నేరం. మన దేశపు చెట్టు టారంటులాల కాటు కూడా చిన్నది కాదు, రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. కొనేటప్పుడు కూడా ఇంట్లో పెంచిన తల్లి పిల్లలా, అడవిలో పట్టినదా అని అడగండి. కాగితం చూపలేని వాళ్ల దగ్గర తీసుకోవద్దు. ఎవరూ కొనకపోతే ఎవరూ పట్టరు.

## ఇంట్లో ఎక్కడ పెట్టాలి

ఎంత మంచి పెట్టె అయినా కిటికీ ఎండ సోకితే పొయ్యి మీద పెట్టినట్టే. నా పెట్టెలు వంటింటి పక్క నడవలో, ఉత్తరపు గోడకు, నడుమెత్తు అల్మారాలో ఉంటాయి. పక్కనే మంచినీళ్ల రంజన్ ఉంది. రంజన్ చుట్టూ తడి బట్ట కట్టి ఉంచితే ఆ మూల గది మిగతా భాగం కన్నా చల్లగా ఉంటుందని ఒక ఎండాకాలం అమ్మే కనిపెట్టింది. అప్పటి నుంచి మే నెలంతా పెట్టెలు అక్కడే. ఫ్యాన్‌కు ఎదురుగా మాత్రం పెట్టొద్దు, ఆ గాలికి లోపలి తేమ అంతా పోతుంది.

నీళ్ల సంగతి. గోడల మీద చల్లడం కన్నా చిన్న మూత నిండా మంచినీళ్లు ఎప్పుడూ ఉంచడం ముఖ్యం. అడుగున ఒకటి, పై కొమ్మకు అతికించి ఒకటి. సాలీడు కాళ్లు లోపలి ద్రవం ఒత్తిడితో చాచుకుంటాయి, నీళ్లు తగ్గితే ముడుచుకుపోతాయి. పోయిన ఏడాది ఏప్రిల్లో ఒక రాత్రి నాది నీళ్లు తాగుతుంటే దగ్గరగా చూశాను. ముందు గులాబీ పాదంతో నీటి అంచును తాకి చూసింది. తర్వాత మెల్లగా వంగి కోరల మొదలు నీటికి ఆనించి, ఇరవై నిమిషాలు కదలకుండా అట్లాగే ఉండిపోయింది. అమ్మ వెనక నుంచి వచ్చి "మస్తు దూపైనట్టున్నది పాపం" అంది. అప్పటిదాకా ఆ పెట్టె వైపు చూడని మనిషి.

దోమల మందు దీనికి విషం. ప్లగ్గులో పెట్టే లిక్విడ్, కాయిల్, బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీసు అన్నీ అంతే, సాలీడు కూడా ఆ పురుగులకు దూరపు చుట్టమేగా. మేం ఇంటిల్లిపాదీ దోమతెరలకు మారాం. వీధిలో దోమల పొగ వేసే బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, పెట్టెల మీద మందపాటి దుప్పటి కప్పి, అరగంట తర్వాత తీస్తాను. చీమలకు పాతకాలపు ఉపాయమే మంచిది. కూరల అలమర కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు గుర్తుందా? పెట్టెను చిన్న స్టూలు మీద పెట్టి, ఆ స్టూలు కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచండి. కుబుసం విడిచే సమయంలో చీమలు పట్టాయంటే సాలీడు ఏమీ చేయలేదు.

## పాత పెట్టె నుంచి కొత్త పెట్టెకు

పెట్టె కొన్న ఉత్సాహంలో ఆ రోజే మార్చొద్దు. సాలీడు తిండి మానేసి, గూటి మూతి పట్టుతో మూసుకుని ఉంటే కుబుసానికి సిద్ధమవుతున్నట్టు. అప్పుడు ముట్టుకోకూడదు. విడిచాక కూడా కోరలు తెల్లగా మెత్తగా ఉంటాయి, అవి ఎరుపెక్కి నల్లబడేదాకా వారం పది రోజులు ఆగండి.

మార్చే రోజు సాయంత్రం, ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, నేల మీద కూర్చుని చేయండి. కింద పడినా ఎత్తు ఉండదు. గూడు వెదురు బొంగులో ఉంటే పని తేలిక, బొంగును రెండు చివర్లా కప్పి మొత్తంగా కొత్త పెట్టెలో పెట్టేయొచ్చు. మేదరి వాళ్ల దగ్గర తెచ్చిన వెదురును ఎండలో బాగా ఆరబెట్టి ముందే వాడుతుంటే ఈ సౌకర్యం ఉంటుంది. బొంగు లేకపోతే సాలీడు మీద పారదర్శకమైన గ్లాసు మెల్లగా బోర్లించి, కింది నుంచి పోస్టుకార్డు జరపండి. వెనక వైపు నుంచి సన్న బ్రష్‌తో తాకితే ముందుకు నడుస్తుంది. పాత పట్టు గూడులో కొంత ముక్క తీసి కొత్త పెట్టె పైమూలలో అంటించండి.

నీళ్లు పెట్టి, బట్ట కప్పి, వారం తిండి వేయకుండా వదిలేయండి. మొదటి రెండు మూడు రోజులు అది అడుగున మూలకు కూర్చుని ఉండొచ్చు, కంగారు పడకండి. పైకెక్కి, ఒక మూల చుట్టూ తిరుగుతూ, పొట్ట చివర నుంచి సన్నటి దారం వదులుతూ కనిపించిన రాత్రి బట్ట తీసేయొచ్చు.